మా వాడ ముచ్చట్లు – 31: ఫ్రీ టికెట్ పైసలు ఎవలు కట్టిండ్రు?



పోయిన డిసెంబరు 5 నాడు మా అవ్వ విమానం ఎక్కింది. శంషాబాద్ నుంచి ముంబై. కిటికీ పక్క సీటుల, కొంగు నెత్తి మీదికి గుంజుకొని కూసున్న అవ్వ ఫొటో ఇక్కడనే పెట్టిన. కింద ఒక ముక్క రాసిన: "ఒక్క పైస పెట్టకుంట, ఫ్రీ టికెట్ మీద అవ్వను చైత్యభూమికి తీస్కపోతున్న." ఆ ఫొటోకు వచ్చినన్ని లైకులు నేను వర్గీకరణ మీద పదమూడు భాగాలు రాస్తే అన్నిటికి కలిపి కూడ రాలే.

లైకుల ఎంబడి రెండు తీర్ల మాటలు వచ్చినయి. ఒకటి, ఇన్‌బాక్స్‌ల. ఉస్మానియా, కాకతీయ, సెంట్రల్ యూనివర్సిటీ పిల్లలు: "అన్నా, ఏ కార్డు? ఎన్ని పాయింట్లకు టికెట్ వచ్చింది? నేను కూడ తీసుకుంట." ఇంకొకటి, ఫొటో కింద ఎవలో పెద్దమనిషి పెట్టిన కామెంట్: "మీకు అన్నీ ఫ్రీయే గదా, ఇప్పుడు విమానాలు గూడనా?"

ఆ పెద్దమనిషికి అప్పుడే గట్టిగ జవాబు రాసిన. అది తప్పు కాదు. గని పిల్లలకు ఇచ్చిన జవాబు తప్పు. ఏడుగురికి కార్డు పేరు చెప్పిన, ఇద్దరికి లింకు కూడ పంపిన. లెక్క మాత్రం ఎవలకూ చెప్పలే, ఎందుకంటె అప్పటికి నేనే లెక్క చెయ్యలే. ఈ భాగం ఆ లెక్క.

*

ముందు, నేను ఆ ఫొటో అంత సంబురంగ ఎందుకు పెట్టిన్నో చెప్పాలె.

మా ధూళిమిట్ట ఇప్పుడు మండల కేంద్రం. నా చిన్నప్పుడు మద్దూరు మండలంల ఒక ఊరు, వరంగల్ జిల్లా. 2016 అక్టోబరుల జిల్లాలు విడగొట్టినంక సిద్దిపేటల పడ్డం. పక్కనే వీరబైరాన్‌పల్లి. 1948 ఆగస్టు 27 నాడు రజాకార్లు జనాన్ని చంపిన ఊరు, ఇప్పటికీ బురుజు నిలబడే ఉన్నది. చదువుకునేటందుకు వచ్చినోళ్లు బురుజు కాడ ఫొటోలు దిగి పోతరు. ఈ మెట్ట నేలల నుంచి బొంబాయికి కూలికి పోయినోళ్ల ఫొటో మాత్రం ఎవని కాడ లేదు.

మా నాయిన ఆ పోయినోళ్లల్ల ఒకడు. బొంబాయిల బిల్డింగుల కాడ తట్ట మోసిండు. జనరల్ డబ్బాల, లెట్రిన్ తలుపు కాడ మోకాళ్లు ముడుచుకొని పోయేది, అట్లనే వచ్చేది. వచ్చినప్పుడల్ల దాదర్ సముద్రం ఒడ్డున బాబాసాహెబ్ సమాధి ముచ్చట చెప్పేటోడు. డిసెంబరు 6 నాడు అక్కడ నేల ఈనినట్టు జనం ఉంటరని చెప్పేటోడు. "నిన్ను ఒకపారి తీస్కపోత" అని అవ్వకు మాట ఇచ్చిండు. తీస్కపోకుంటనే సచ్చిపోయిండు.

నేను పన్నెండేండ్లు కాంట్రాక్టు లెక్చరర్‌గ చేసి 2023ల రెగ్యులర్ అయిన. కాంట్రాక్టుల ఉన్నన్ని రోజులు ఏ బ్యాంకోడు నాకు కార్డు ఇయ్యలే. రెగ్యులర్ అయిన మూడో నెలల వాళ్లే ఫోన్ చేసిండ్రు, "సార్" అన్నరు. అప్పు ఇయ్యనీకె ఎవడన్న నన్ను సార్ అనుడు మా వంశంల అదే మొదలు. మా తాత గింజలు నాగుకు తెచ్చుకునేటందుకు దొర గడి ముందర చెప్పులు ఇడిచి, నడుము వంచి నిలబడేటోడు. తెచ్చింది ఒక బస్తా అయితే పంటకు బస్తన్నర కొలిచేది. అందుకే ఆ ప్లాస్టిక్ ముక్క చేతికి వచ్చిన్నాడు నాకు గెలిచినట్టే అనిపించింది. అట్ల అనిపియ్యాల్నని తయారుచేసిన వస్తువే అది. ఆ సంగతి తర్వాత తెలిసింది.

*

ఇగ లెక్క.

కార్డు తీసుకున్న ఏడాదిల దాని మీద మొత్తం 3,40,000 రూపాయలు ఖర్చు పెట్టిన. కిరాణం, అవ్వ షుగరు గోలీలు, పిల్లల ఫీజులు, ఇన్సూరెన్స్, బట్టలు. పెట్రోలుకు, ఇంటి కిరాయికి చాల కార్డులు పాయింట్లు ఇయ్యవు, నాది కూడ ఇయ్యలే.

రెండు టికెట్ల విలువ 9,000 అయింది. అది ఎట్ల వచ్చిందంటె: ఖర్చు మీద వందకు రూపాయి లెక్కన 3,400. కార్డు తీసుకున్న కొత్తల స్వాగతం పాయింట్లు 2,000 విలువ. ఏడాదిల మూడు లక్షలు దాటితె ఇచ్చే బోనస్ 3,600. అంటె నేను "నా ఖర్చు మీద వచ్చింది" అనుకున్నదాంట్ల సగం కంటె ఎక్కువ ఎర వేసిన గింజలే. స్వాగతం ఒక్కపారే, రెండో ఏడు రాదు.

ఇచ్చింది కూడ రాస్త. కార్డు సాలు ఫీజు 1,500, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 1,770. పాయింట్ల టికెట్ అన్నా గూడ పన్నులు, ఎయిర్‌పోర్టు రుసుములు పైసలతోనే కట్టాలె, అయి ఇద్దరికి 1,240. రెండు కలిపి 3,010. మిగిలింది 5,990.

ఇది కూడ లాభమే గదా అంటరు. ఆగుండ్రి. అక్టోబరుల చూసుకుంటె మూడు లక్షల గీతకు ఏడు వేల దూరంల ఉన్న. గీత దాటకపోతె బోనస్ రాదు. ఏం కొనాల్నో తోచక 7,200 పెట్టి ఎయిర్ కూలర్ కొన్న. అక్టోబరుల కూలర్! అవ్వ దాన్ని చూసి "చలికాలం వస్తుంటె గాలి ఎందుకురా" అన్నది. ఇప్పుడు దాని మీద బట్టలు మడత పెట్టి ఉన్నయి. గీత దాటినంక కూడ నవంబరుల పాయింట్లు వస్తయని చెయ్యి ఆగలే, ఇంకొక ముప్పై మూడు వేలు చిల్లర మల్లర గీకిన.

5,990 లకెల్లి 7,200 తీస్తె 1,210 మైనస్. ఆ ముప్పై మూడు వేలల్ల ఎన్ని అక్కెరకు ఖర్చు పెట్టిన్నో, ఎన్ని ఉత్తగ పెట్టిన్నో తీసి చెప్పే ధైర్యం నాకు లేదు. జేబుల నోట్లు ఉన్నప్పుడు నోటు ఇడిపించుడు కష్టం అనిపిస్తది. కార్డు గీకినప్పుడు అనిపియ్యది. ఇదీ నా "ఒక్క పైస పెట్టని" టికెట్.

*

నేను లెక్కల మాస్టరును కాను, చరిత్ర చెప్తా. అందుకని ఈ పాయింట్లు ఎక్కడ పుట్టినయో చదివిన.

1981ల అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన ప్రయాణికులకు మైళ్లు లెక్కపెట్టి బహుమానం ఇచ్చే పథకం మొదలుపెట్టింది. తర్వాత బ్యాంకులు ఆ మైళ్లను టోకుగ కొని కార్డుల మీద పంచుడు షురువు చేసినయి. కరోనా కాలంల విమానాలు నేల మీద నిలబడ్డప్పుడు అసలు సంగతి బయటపడ్డది. 2020ల యునైటెడ్ ఎయిర్‌లైన్స్ తన మైళ్ల పథకాన్ని కుదువ పెట్టి 680 కోట్ల డాలర్ల అప్పు తెచ్చింది. 2021ల అమెరికన్ ఎయిర్‌లైన్స్ గూడ అట్లనే 1,000 కోట్ల డాలర్లు తెచ్చింది. ఎగిరే విమానాల కంటె మైళ్ల పుస్తకం గట్టి ఆస్తి అన్నట్టు. మనం ఫ్రీ అనుకునేది వాళ్లకు వ్యాపారం.

మరి బ్యాంకుకు పైసలు ఎక్కడియి? మూడు తావుల నుంచి వస్తయి. ఒకటి, ఫీజులు. రెండు, దుకాణం. క్రెడిట్ కార్డు గీకినప్పుడు దుకాణపాయన వందకు సుమారు రెండు రూపాయలు ఇడుసుకోవాలె. యూపీఐకి, రూపే డెబిట్ కార్డుకు 2020 జనవరి నుంచి ఆ కోత లేదు. క్రెడిట్ కార్డుకు ఉన్నది. పెద్ద దుకాణాలు ఆ రెండు రూపాయలు తమ జేబులకెల్లి పెట్టవు, సరుకు ధరల కలుపుతయి. ధర మాత్రం కార్డోనికి, నోటు ఇచ్చేటోనికి ఒక్కటే.

అమెరికాల బోస్టన్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు పరిశోధకులు 2010ల ఇదే లెక్క తీసిండ్రు. నోట్లు వాడే ఒక్కో ఇల్లు సగటున ఏడాదికి 149 డాలర్లు కార్డులు వాడే ఇండ్లకు పోగొట్టుకుంటున్నది, కార్డు వాడే ఒక్కో ఇంటికి 1,133 డాలర్లు వచ్చి పడుతున్నయి అని రాసిండ్రు. అక్కడ నోట్లు వాడేది ఎక్కువగ గరీబోళ్లు. మన దేశం లెక్క వేరే ఉండొచ్చు, మనకు యూపీఐ ఉన్నది. గని నీళ్లు పారే దిక్కు అదే.

మా ఇంట్లనే చూస్త. అవ్వకు ఆసరా పింఛన్ 2,016 రూపాయలు వస్తది. నోట్లే తీసుకుంటది. చేర్యాలకో సిద్దిపేటకో పోయినప్పుడు పెద్ద దుకాణంల సబ్బులు, చాపత్తి, మనుమనికి బిస్కెట్లు ఆ నోట్లతోనే కొంటది. అదే దుకాణంల అదే లైనుల నేను కార్డు గీకి పాయింట్లు తెచ్చుకున్న. అంటె అవ్వ టికెట్ల ఇంతో అంతో అవ్వ పింఛన్ పైసలే ఉన్నయి. నేను ఫ్రీగ తీస్కపోతున్న అని రాసుకున్న.

*

మూడో తావు మిత్తి. ఇది చెప్పుడు నాకు కష్టం.

ఫొటో పెట్టిన నాలుగో రోజు మా వాడ తమ్ముడు ఒకడు ఫోన్ చేసిండు. హైదరాబాద్ అశోక్‌నగర్‌ల గ్రూప్స్ కోచింగ్, చిక్కడపల్లి లైబ్రరీల చదువు, రాత్రిపూట డెలివరీ పని. "అన్నా, నువ్వు పాయింట్లతోని అప్పు కట్టొచ్చా?" అని అడిగిండు. నాకు అర్థం కాలే. "నాకు కూడ కార్డు ఉన్నదన్నా. ఏడాది నుంచి కడుతున్న. తగ్గుతలేదు."

మెట్రో స్టేషన్ కాడ టేబుల్ ఏసుకున్నోళ్లు ఇచ్చిండ్రంట. లిమిట్ 50,000. కోచింగ్ ఫీజు దాని మీదనే. వాళ్ల నాయినకు హెర్నియా ఆపరేషన్ అయినప్పుడు ఏటీఎంల ఎనిమిది వేలు తీసిండు. కార్డు మీద నోట్లు తీస్తె 45, 50 రోజుల మాఫీ ఉండది, తీసిన్నాటి నుంచే మిత్తి పడుతదని వానికి ఎవలూ చెప్పలే. బిల్లు వచ్చినప్పుడల్ల "కనీసం కట్టవలసినది" అన్న గీత చూసి అదే కట్టుకుంట వచ్చిండు. కడుతున్నగదా, మంచిగనే ఉన్న అనుకున్నడు.

ఇద్దరం వీడియో కాల్‌ల కూసొని వాని స్టేట్‌మెంట్ చదివినం. బాకీ 48,000. మిత్తి నెలకు మూడున్నర శాతం, అంటె 1,680. మిత్తి మీద గూడ 18 శాతం జీఎస్టీ, 302. మొత్తం 1,982. వాడు కట్టే కనీసం సొమ్ము 5 శాతం, అంటె 2,400. అండ్ల అసలుకు పోయింది 418 రూపాయలు. రాత్రి పన్నెండు దాక బండి మీద తిరిగి 2,400 కడితె, బాకీ తగ్గింది 418.

మన భాషల చెప్పాల్నంటె అది మూడున్నర రూపాయల మిత్తి. మా ఊళ్లె మూడు రూపాయల మిత్తికి ఇచ్చేటోన్ని "రక్తం తాగుతడు" అంటం. కార్డు మీద ఏడాదికి నలబై రెండు శాతం అని చిన్న అక్షరాలల్ల రాసి ఉంటె మనకు మిత్తి లెక్క కనిపియ్యది. 2008ల జాతీయ వినియోగదారుల కమిషన్ 30 శాతం దాటి గుంజుడు అన్యాయం అన్నది. 2024 డిసెంబరు 20 నాడు సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఇప్పుడు ఆ గీత లేదు.

నెలనెల పూర బిల్లు కట్టే నాసొంటోనికి బ్యాంకు పాయింట్లు ఇస్తది. కట్టలేని తమ్ముని కాడ మిత్తి తీసుకుంటది. రెండూ ఒకే గల్ల పెట్టెల పడుతయి, ఒకే గల్ల పెట్టెకెల్లి పోతయి. వాని రాత్రుల మీద నేను కిటికీ సీటు తీసుకున్న. నేను లింకులు పంపిన ఇద్దరు పిల్లలు మతికొచ్చిండ్రు. అప్పటికప్పుడు ఫోన్ చేసిన. ఒకామె ఇంక తీసుకోలే. ఒకతను తీసుకున్నడు, వానితోని గంట మాట్లాడిన.

తమ్మునికి ఏం చేసినమో చెప్త, పనికొస్తది. వసూలు చేసేటోడు వాళ్ల నాయినకు రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి "కొడుకును ఎందుకు కన్నవ్" అన్నడంట. పొద్దున 8 కంటె ముందు, సాయంత్రం 7 దాటినంక వసూలు ఫోన్లు చెయ్యొద్దని 2022ల రిజర్వ్ బ్యాంకు చెప్పింది. ఆ సంగతి రాసి బ్యాంకుకు ఫిర్యాదు పెట్టించిన. ఫోన్లు ఆగినయి. వాళ్లమ్మ మహిళా సంఘంల రూపాయి మిత్తికి 48,000 లోను తీసుకున్నది. నెల మిత్తి 1,982 పోయి 480 అయింది. కార్డు బాకీ ఒక్కపారే కట్టి, మూసెయ్యమని రాసిచ్చినం. బాకీ లేని కార్డును ఏడు పని దినాలల్ల మూసెయ్యాలె, లేకపోతె రోజుకు 500 జుర్మానా బ్యాంకే కట్టాలె. ఇది గూడ 2022 రూలే. ఆరో రోజు మూసిండ్రు.

*

ఇంకొకటి ఉన్నది. రాయకుంట ఇడిసిపెడ్దామనుకున్న.

నా 3,40,000ల 41,000 నావి కావు. ఏప్రిల్ 14 జయంతికి వాడోళ్లు ఇచ్చిన చందా. స్టడీ సెంటర్‌కు పుస్తకాలు, మైకు సెట్టు కొనేటందుకు నోట్లు నా చేతికి ఇచ్చిండ్రు. నేను నోట్లు జేబుల పెట్టుకొని కార్డు గీకిన. లెక్క పక్కాగ చూపిచ్చిన, రసీదులు అతికిచ్చిన. ఒక్క రూపాయి తేడా లేదు.

ముంబై నుంచి వచ్చినంక మీటింగుల ఒక అక్క లేచి అడిగింది. బీడీలు చేస్తది, చందా వంద రూపాయలు ఇచ్చింది. "తమ్మీ, మా పైసలు ఖర్చు పెడితె పాయింట్లు నీకెట్ల వచ్చినయి?"

నేను నవ్విన. ఆమె నవ్వలే.

మా తాత ఒక మాట చెప్పేటోడు. గడిల గింజలు కొలిచేటప్పుడు కుంచం పైనుంచి రాలినయి కొలిచేటోనికే అని రివాజంట. "రాలేది పిడికెడే, గని ఊరందరిది" అనేటోడు. నేను ఆ కుంచం పట్టుకున్న జాగల నిలబడ్డ. 41,000 అంటె నా ఖర్చుల పన్నెండు శాతం. 9,000ల పన్నెండు శాతం లెక్కన 1,080 అయింది, 1,100 స్టడీ సెంటర్ ఖాతాల ఏసిన. మీటింగుల ఒక తీర్మానం కూడ రాసినం: ఇగ మీద సంఘం పైసలు సంఘం ఖాతాకెల్లే పోవాలె, ఎవని సొంత కార్డు మీదికెల్లి పోవద్దు. కార్యకర్తలు ఉన్న తావుల ఈ ముక్క మీరు గూడ రాసుకోండ్రి.

*

ఇప్పుడు ఆ పెద్దమనిషి కామెంట్ కాడికి మళ్ల వస్త.

మన పిల్లలు స్కాలర్‌షిప్ తీసుకుంటె "ఫ్రీ" అంటరు. రేషన్ బియ్యం "ఫ్రీ", హాస్టల్ "ఫ్రీ". అదే పాయింట్లు తీసుకుంటె "రివార్డు", లాంజ్‌ల తింటె "తెలివి". రెండింట్లనూ పైసలు ఎవలో ఒకలు కడుతున్నరు. స్కాలర్‌షిప్ బడ్జెట్ల ఉంటది, అసెంబ్లీల చర్చ అయితది, అడిగే హక్కు మనకున్నది. పాయింట్ల లెక్క ఏ అసెంబ్లీలకు రాదు. బరోడా స్కాలర్‌షిప్ మీద 1913ల న్యూయార్క్ పోయిన బాబాసాహెబ్, 1923ల రూపాయి సమస్య మీద పుస్తకం అచ్చేసిండు. ధరలు పెరిగినంత జల్ది కూలి పెరగదు, నష్టం కూలోనికే అని ఆనాడే చెప్పిండు. రూపాయి ఎవని జేబుకెల్లి ఎవని జేబులకు పోతున్నదో అడుగుడు మనకు ఆయన నేర్పిన పని. నేను ఫొటో పెట్టేటప్పుడు అది మర్చిపోయిన.

కార్డు వద్దని నేను అంటలేను. నా కార్డు నా కాడనే ఉన్నది. సదువుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మాత్రం ఇది చెప్త: నెలనెల జీతం పడేదాక తీసుకోకుండ్రి. తీసుకుంటె పూర బిల్లు కట్టుండ్రి, "కనీసం" అన్న గీత వైపు చూడకుండ్రి. ఏటీఎంల పెట్టకుండ్రి. పాయింట్ల కోసం ఏదీ కొనకుండ్రి, మా ఇంటికి వస్తె కూలర్ చూపిస్త. ఇప్పటికే ఇరుక్కుంటె సిగ్గుపడి దాచుకోకుండ్రి. తమ్ముడు ఏడాది దాచుకున్నందుకు ఇరవై వేలకు పైనే మిత్తి కట్టిండు.

అవ్వ ముచ్చట చెప్పి ఆపుత. విమానంల గంటన్నర కిటికీల నుంచి చూపు తియ్యలే. దిగినంక "మీ నాయినకు ఒక రాత్రి, ఒక పగలు పట్టేది" అన్నది, అంతే. శివాజీ పార్కుల జనం నేల మీద చాపలు పర్సుకొని పండుకున్నరు. మరాఠ్వాడా నుంచి వచ్చిన ఒక ముసలామె అవ్వకు భాకరీ పెట్టింది. ఒకరి భాష ఒకరికి రాదు. ఇద్దరు జై భీమ్ అనుకున్నరు, అది చాలింది. మర్నాడు లైనుల ఏడు గంటలు నిలబడి దండం పెట్టుకున్నం.

తిరిగి వచ్చేటప్పుడు రైలే. టికెట్లు పైసలు పెట్టి కొన్న. అవ్వకు కింది బెర్తు దొరికింది.

వచ్చే ఆదివారం మహిళా సంఘం లోన్ల మీద రాస్త. అండ్ల మంచి ఎంతున్నదో, మెడకు తాడు ఎంతున్నదో వాడల అక్కలను అడిగి తెలుసుకుంటున్న. మీ ఇండ్లల్ల కార్డు ముచ్చట్లు, మిత్తి లెక్కలు ఉంటె కింద రాయుండ్రి. పేర్లు వద్దు, అంకెలు చాలు.

జై భీమ్.